మిగతావన్నీ స్థిరం అనుకుంటే

పోయిన నెల ఒక రాత్రి తొమ్మిదింటప్పుడు మా చిన్నాన్న కొడుకు ఇంటికొచ్చాడు. బీటెక్ మూడో సంవత్సరం. చేతిలో మడతపెట్టిన తెల్లకాగితాలు రెండు.

“అక్కా, టీసీ కోసం ప్రిన్సిపాల్‌కి లెటర్ రాసిపెట్టు. ఇంకో సంగతి, నాన్నకి నువ్వే చెప్పాలి.”

మన పల్లెల్లో తెలుగు లెక్చరర్ అంటే అర్జీలు రాసే మనిషి. పెన్షన్ ఆగినా, రేషన్ కార్డులో పేరు తప్పుపడినా, లోన్ ఫైలు కదలకపోయినా నా దగ్గరికే వస్తారు. ఏళ్ళ తరబడి రాస్తున్నాను, ఎప్పుడూ విసుక్కోలేదు. ఈ ఒక్క అర్జీకి మాత్రం చెయ్యి కదల్లేదు.

“ఏమైందిరా?”

“ఎం-వన్ నాలుగోసారి పోయింది.”

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఎం-వన్, ఎం-టూ అంటే ఇంజినీరింగ్ మొదటి ఏడాది లెక్కల పేపర్లు. మాట్రిసెస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌తో పాటు వీటిలో మల్టీవేరియబుల్ కాల్క్యులస్ ఉంటుంది. ఇంటర్‌లో పిల్లలు చదివే కాల్క్యులస్‌లో చాలావరకు మారేది ఒక్కటే, ఎక్స్. ఇక్కడ ఎక్స్, వై, జెడ్ అన్నీ కలిసి మారతాయి. పార్షియల్ డెరివేటివ్స్, డబుల్ ఇంటిగ్రల్స్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్, చివర్లో గ్రీన్, గాస్, స్టోక్స్ సిద్ధాంతాలు. ఏ యూనిట్ ఏ పేపర్లో ఉంటుందనేది రెగ్యులేషన్‌ని బట్టి మారుతుంది. పిల్లల భయం మాత్రం మారదు.

ఒక్క పేపర్‌కి చదువు మానేస్తావా అని తిట్టబోయాను. వాడు ఫోన్‌లో ప్లేస్‌మెంట్ నోటీసు చూపించాడు. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళు అప్లై చేయొద్దని మొదటి లైనే. “ఉద్యోగం రాని డిగ్రీ కోసం నాన్న చేత ఇంకో ఏడాది అప్పు చేయించి ఏం చేస్తానక్కా? హైదరాబాద్ పోయి డెలివరీ పని చూసుకుంటా. నాకు లెక్కల బుర్ర లేదు” అన్నాడు.

ఈ చివరి మాట గురించే ఇవాళ రాస్తున్నాను. “నాకు లెక్కల బుర్ర లేదు.” ఇది మన పిల్లల నోట్లోకి ఎలా వచ్చింది?

నేను ఇంటర్‌లో సీఈసీ చదివినదాన్ని. నా పీహెచ్‌డీ తెలుగు సాహిత్యంలో. కాల్క్యులస్ నాకు రాదు. అయినా “లెటర్ రేపు రాస్తాలే, ముందు క్వశ్చన్ పేపర్ చూపించు” అన్నాను. ఒక ప్రశ్న చూపించి తెలుగులో చెప్పమన్నాను. ఫంక్షన్ వాడికి తెలుసు. డెరివేటివ్ తెలుసు. కంటిన్యుయస్ తెలుసు. ప్రశ్నలో ప్రతి మాటా తెలుసు. వాక్యం తెలియదు.

తెలుగు టీచర్ని కాబట్టి నాకు అక్కడ ఒకటి కనిపించింది. తెలుగులో మనం షరతు ముందు చెప్తాం, ఫలితం తర్వాత. “వానొస్తే పనుండదు.” లెక్కల ఇంగ్లీషులో చాలాసార్లు ఫలితం ముందొస్తుంది, షరతు చివర్లో ‘ప్రొవైడెడ్’ అనో ‘వెనెవర్’ అనో తోకలా వేలాడుతుంది. మావాడు ఫలితం దాకా చదివి తోక వదిలేస్తున్నాడు. ఉదాహరణకి, ముందు ఎక్స్‌తో తర్వాత వైతో డిఫరెన్షియేట్ చేసినా, ముందు వైతో తర్వాత ఎక్స్‌తో చేసినా జవాబు ఒకటే అని ఒక సిద్ధాంతం ఉంది. ఆ రెండో డెరివేటివ్‌లు అక్కడ కంటిన్యుయస్‌గా ఉంటేనే ఆ హామీ. షరతు వదిలేసి వాడితే మార్కులు పోతాయి. నాలుగుసార్లు ఫెయిలైన కుర్రాడికి ఈ మాట చెప్పినవాళ్ళు లేరు. వాడు ఇంటర్ దాకా తెలుగు మీడియం. బీటెక్‌లో మొదటి రోజు నుంచే బోర్డు మీద అంతా ఇంగ్లీషు.

“అయితే తెలుగులో చెప్తే సరిపోతుంది కదా” అని మీలో కొందరు అంటారు. అంత తేలిక కాదు. 1968లో తెలుగు అకాడమీ పెట్టి తెలుగులో పాఠ్యపుస్తకాలు తెచ్చారు. అది గొప్ప పనే, ఆ పుస్తకాలే లేకపోతే మాలాంటివాళ్ళం ఇంటర్ గడప దాటేవాళ్ళం కాదు. కానీ ఆ లెక్కల పుస్తకం తెరిస్తే అవకలజం, సమాకలని, అవిచ్ఛిన్నత, సదిశ. ఇది ఎవరి తెలుగు? మా అమ్మకి డెరివేటివ్ ఎంత దూరమో అవకలజమూ అంతే దూరం. మన పిల్లలు రెండుసార్లు పరాయి భాష నేర్చుకుంటున్నారు. ఒకసారి సంస్కృతం కలిపిన తెలుగు, ఇంకోసారి ఇంగ్లీషు. రెండూ నేర్చుకుని కూడా ‘లాంగ్వేజ్ వీక్’ అనిపించుకుంటున్నారు.

ఆ పుస్తకంలో ఒక మాట మాత్రం మనది. వాలు. స్లోప్‌కి అకాడమీ పెట్టిన మాట అదే.

మర్నాడు వాణ్ణి మా కాలేజీ లెక్కల సార్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనా మన పల్లె నుంచి వచ్చినవాడే. ఆయన పుస్తకం తెరవలేదు. మీ నాన్న ఏం పని చేస్తాడని అడిగాడు. మా చిన్నాన్న ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ పొలాలకి నీళ్ళు కడుతున్నాడు. సార్ కాగితం మీద ఒక పొలం గీశాడు.

“నువ్వు పొలంలో ఒకచోట నిలబడ్డావు. తూర్పుకి మాత్రమే కదిలితే నేల ఎంత లేస్తుంది? అది ఒక వాలు. ఉత్తరానికి మాత్రమే కదిలితే ఎంత లేస్తుంది? అది ఇంకో వాలు. ఇవే నీ పార్షియల్ డెరివేటివ్‌లు. ఈ రెండిటినీ కలిపి ఒక బాణం గీస్తే, నేల అన్నిటికంటే నిటారుగా లేచే దిక్కు అది. నీళ్ళు సరిగ్గా దానికి ఎదురు దిక్కున దిగుతాయి. ఆ బాణమే గ్రేడియంట్.”

మావాడు చాలాసేపు కాగితం వంక చూశాడు. “డెల్ గుర్తు అంటే ఇదా సార్? నేను దాన్ని తలకిందుల త్రిభుజం అనుకుని మూడేళ్ళుగా గీస్తున్నా” అన్నాడు. నవ్వాడు కూడా. తర్వాత కోపమొచ్చింది వాడికి. ఆ కోపం చూసి నాకు ధైర్యమొచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మా చిన్నాన్నకి కాల్క్యులస్ తెలుసని నేను అనడం లేదు. మన వృత్తుల్లో సైన్స్ అంతా ముందే ఉందని చెప్పి మురిసిపోయే అలవాటు మనలో కొందరికి ఉంది. మడవ తిప్పడం తెలిసినంత మాత్రాన డబుల్ ఇంటిగ్రల్ రాదు. దాన్ని కూర్చుని, చెమటోడ్చి నేర్చుకోవాల్సిందే. కానీ లోపలికి వెళ్ళడానికి ఒక తలుపు కావాలి. ఆ తలుపు అవతలివాళ్ళ ఇళ్ళకే ఉంటుందని మన పిల్లల్ని నమ్మించారు. మన ఇంటి వైపు నుంచి కూడా తలుపుంది.

ఆ రోజు సార్ చెప్పినదాంట్లో నన్ను వదలని మాట ఇంకోటుంది. ‘మిగతావన్నీ స్థిరం అనుకుంటే.’ ఎఫ్ అంటే ఎక్స్ స్క్వేర్ వై అనుకోండి. వైని కదలనివ్వకుండా ఎక్స్‌తో డిఫరెన్షియేట్ చేస్తే టూ ఎక్స్ వై. ఎక్స్‌ని కదలనివ్వకుండా వైతో చేస్తే ఎక్స్ స్క్వేర్. పిల్లలు ‘డో ఎఫ్ బై డో ఎక్స్’ అని చదివే ఆ గుర్తుకి అర్థమే అది. ఒక్కదాన్నే కదిలించు, మిగతావి ఉన్నచోటే ఉన్నాయనుకో.

మన పిల్లల్ని కాలేజీలు కొలిచే పద్ధతి సరిగ్గా ఇదే కదా అనిపించింది. ‘కష్టపడితే ఎవరైనా పాసవుతారు.’ ఈ వాక్యంలో కదిలేది ఒక్కటే, కష్టం. భాష స్థిరం అనుకున్నారు. హాస్టల్లో ఒక గదిలో ఎంతమంది పడుకుంటారో స్థిరం అనుకున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి, ఆ బకాయి సాకుతో ఆపే హాల్ టికెట్, సెలవుల్లో కూలికి పోవాల్సిన అవసరం, లెక్చరర్ పిలిచేటప్పుడు గొంతులో తేడా, అన్నీ స్థిరం. అవన్నీ కదలవు అనుకుని, మార్కులు పెరగకపోతే కష్టంలోనే లోపమని తేల్చారు.

లెక్కలే దీన్ని ఒప్పుకోవు. సార్‌ని అడిగాను, నిజంగా అన్నీ ఒకేసారి మారుతుంటే ఏం చేస్తారని. దానికి చైన్ రూల్ ఉందన్నాడు. ఎక్స్, వై రెండూ కాలంతో పాటు మారుతుంటే, ఒక్కొక్కదాని వైపు వాలుని అది మారే వేగంతో గుణించి, అన్నిటినీ కూడాలి. ఒక్క ముక్క తీసుకుని మొత్తం అదే అంటే ఆ జవాబుకి సున్నా వేస్తారు. ఎం-వన్ పేపర్లో సున్నా వచ్చే తప్పుని, ప్రతిభ గురించి మాట్లాడేటప్పుడు ప్రొఫెసర్లే చేస్తారు. ప్రతిభ అని వాళ్ళు చూపించేది పార్షియల్ డెరివేటివ్. మనం బతికేది చైన్ రూల్.

మావాడి ఒక్కడి కథ చెప్పి తేల్చేయడం బాగోదని, ఈ నెలంతా తెలిసిన పిల్లల్ని అడుగుతూ వచ్చాను.

ఒక ఐఐటీలో చదివే అమ్మాయి చెప్పింది. మొదటి వారంలోనే ‘ర్యాంకెంత?’ అని అందరూ అడుగుతారట. ర్యాంకు చెప్తే కేటగిరీ చెప్పినట్టే. ఆ తర్వాత ట్యుటోరియల్లో లిమిట్ దగ్గర ఆమెకి అర్థం కాలేదు. రెండు చలరాశులుంటే ఒక బిందువు దగ్గరికి ఎన్నో దారుల్లో వెళ్ళొచ్చు. అన్ని దారుల్లోనూ ఒకే విలువ వస్తేనే లిమిట్ ఉన్నట్టు. రెండు మూడు దారులు సరిచూస్తే ఎందుకు చాలదో ఆమెకి అడగాలనిపించింది. మంచి ప్రశ్న. అడగలేదు. “అక్కా, అక్కడ డౌట్ అడగడమంటే క్యాస్ట్ సర్టిఫికెట్ చూపించడమే. వాళ్ళడిగితే క్యూరియాసిటీ, మేమడిగితే కోటా” అంది. ఆమె ఆ కోర్సు పాసైంది. ఆ ప్రశ్న మాత్రం సెమిస్టరంతా ఆమెతోనే ఉండిపోయింది.

డిగ్రీ చదివిన ఒక తమ్ముడికి ఈ పేపర్లో మంచి మార్కులొచ్చాయి. గ్రీన్ సిద్ధాంతం చెప్పమంటే కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. దేని గురించి అంటే తెలియదన్నాడు. ఆల్ ఇన్ వన్ కొని, పాత పేపర్లు చూసి, వచ్చే పది లెక్కలు బట్టీపట్టాడు. వాడి తప్పేం లేదు. పాసవడానికి వాడికి చూపించిన దారి అదొక్కటే. ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌లో దెబ్బతిన్నాక తెలిసింది, పాసవడం వేరు, రావడం వేరు అని.

ఇంకో అమ్మాయి. ఊళ్ళో అందరికంటే తెలివైనదని పేరు. హాస్టల్లో తన గదిలో ఎం-టూ చదివేది తనొక్కతే. యూట్యూబ్‌లో పాఠాలు విని, బుక్ బ్యాంకులో ఇచ్చిన గ్రేవాల్ పుస్తకం ముందేసుకుని రాత్రి రెండింటి దాకా కూర్చునేది. ఒక లెక్క రాకపోతే మూడు రోజులు దాంతోనే కొట్టుకునేది. పరీక్షలో తక్కువొచ్చాయి. పక్క గదిలో నలుగురు కలిసి చదివేవాళ్ళు. వాళ్ళు ఈమెని పిలవలేదు, ఈమె వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే ఏమీ మాట్లాడలేదు.

ముగ్గురి కథల్లోనూ ఒకటే ఉంది. ఒంటరితనం.

అంబేద్కర్ జీవిత చరిత్రలు చదివినవాళ్ళకి ఈ సంగతి గుర్తుంటుంది. బొంబాయిలో హైస్కూల్లో చదివేటప్పుడు టీచర్ ఆయన్ని లెక్క చేయమని బోర్డు దగ్గరికి పిలిచాడు. పిలవగానే క్లాసులో గోల. బోర్డు వెనక మిగతా పిల్లల టిఫిన్ డబ్బాలున్నాయి. ఈ పిల్లాడు దగ్గరికెళ్తే అన్నం మైలపడుతుందని పరిగెత్తి డబ్బాలు తీసుకున్నారు. ఆ తర్వాతే ఆయన బోర్డు ముట్టుకున్నాడు. ఇప్పుడు బోర్డు వెనక డబ్బాలు లేవు. బోర్డు దగ్గరికి నడవడానికి మన పిల్లల కాళ్ళు ఇంకా ఎందుకు వణుకుతున్నాయో మాత్రం ఆ డబ్బాలకి తెలుసు.

దీని మీద అమెరికాలో జరిగిన ఒక పని మనం తెలుసుకోవాలి. 1970లలో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కల పరిశోధక విద్యార్థి ఒక ప్రశ్న వేసుకున్నాడు. మొదటి ఏడాది కాల్క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు అంతమంది ఎందుకు ఫెయిలవుతున్నారు? అధ్యాపకుల్ని అడిగితే మనం రోజూ వినే జవాబులే వచ్చాయి. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు, పేదరికం. ఆయన ఆ జవాబులు నమ్మి ఊరుకోలేదు. నల్లజాతి పిల్లలు ఇరవై మందిని, చైనా మూలాలున్న పిల్లలు ఇరవై మందిని తీసుకుని, వాళ్ళు ఎలా చదువుతున్నారో నెలల తరబడి దగ్గరుండి చూశాడు.

పట్టుదల లేకపోవడం అబద్ధమని తేలింది. ఇళ్ళల్లో ప్రోత్సాహం లేదన్నదీ అబద్ధమే. తేడా ఇంకోచోట ఉంది. నల్లజాతి పిల్లలు క్లాసుకి వెళ్ళి, నోట్స్ రాసుకుని, గదికొచ్చి, ఒంటరిగా హోంవర్క్ చేసేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు. చైనా పిల్లలు ఒంటరిగా చేశాక, ఒకచోట చేరి ఒకరి లెక్క ఒకరు దిద్దుకునేవాళ్ళు. రాని లెక్క ఎవరికీ రాకపోతే అది లెక్క కష్టమని తెలిసేది. ఒంటరిగా ఉన్నవాడికి అది తన బుర్ర తక్కువని అనిపిస్తుంది.

అప్పుడాయన పెట్టింది వీక్ స్టూడెంట్స్‌కి రెమిడియల్ క్లాసు కాదు. మామూలు క్లాసులో కంటే కష్టమైన లెక్కలిచ్చి, గుంపులుగా కూర్చోబెట్టి చేయించాడు. ఆ వర్క్‌షాప్‌లో కూర్చున్న నల్లజాతి విద్యార్థులు, దాంట్లో లేని తెల్ల, ఆసియా విద్యార్థులతో సమానంగా, కొన్నిసార్లు వాళ్ళని మించి నిలబడ్డారు. తర్వాత ఆ పద్ధతి అక్కడి చాలా యూనివర్సిటీలకి వెళ్ళింది. 1992లో ఆయన దీన్ని వ్యాసంగా అచ్చువేశాడు.

ఇది చదివాక నాకు ఏకలవ్యుడి కథ వేరేలా కనిపించింది. ఆ కథలో మనం ఎప్పుడూ బొటనవేలి గురించే మాట్లాడతాం. కవితలు రాశాం, నాటకాలు వేశాం. నేనూ నా థీసిస్‌లో వేలి గురించే రాశాను. కానీ వేలు తెగడం రెండో శిక్ష. మొదటి శిక్ష అంతకుముందే పడింది. అడవిలో, మట్టిబొమ్మ ముందు, ఒంటరిగా నేర్చుకోవాల్సి రావడం. అర్జునుడికి నూట నలుగురు తోడున్నారు. తప్పు వేస్తే నవ్వడానికైనా పక్కన మనిషున్నాడు. ఏకలవ్యుడి ఒంటరి సాధనని మనమే గొప్పగా పొగిడి, మన పిల్లల్ని కూడా అలాగే ఉండమన్నాం. గ్రేవాల్ ముందు రెండింటి దాకా కూర్చున్న ఆ అమ్మాయి ముందున్న మట్టిబొమ్మ యూట్యూబ్.

ఇప్పుడు మన సంఘాల గురించి. నన్నూ కలుపుకునే అంటున్నాను. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ చనిపోయినప్పుడు, పీహెచ్‌డీ ఫిజిక్స్ కోర్స్‌వర్క్‌లో పేపర్ తప్పడం, ఫెలోషిప్ ఆగడం రెండూ ఎలా ముడిపడ్డాయో బయటికొచ్చింది. 2015లో రూర్కీ ఐఐటీ మొదటి ఏడాది గ్రేడ్లు తక్కువని డెబ్బై మందికి పైగా విద్యార్థుల్ని తీసేస్తే, వాళ్ళలో ఎక్కువమంది రిజర్వేషన్ పిల్లలని వార్తలొచ్చాయి. గొడవయ్యాకే మళ్ళీ అవకాశమిచ్చారు. 2016లో రోహిత్ పోయాక దేశమంతా కదిలింది. మనం ధర్నాలు చేశాం, చేయాలి. రోహిత్ చట్టం కావాలన్నాం, ఇప్పటికీ కావాలి. కానీ ఒక్క మాట నిజాయితీగా చెప్పుకుందాం. పిల్లాడు చనిపోయాక మనం వస్తున్నాం. ఎం-వన్ మొదటిసారి పోయిన రోజున మనలో ఎవరం వాడి గదికి వెళ్ళాం? సీటు దాకా మన ఉద్యమం ఉంది. సీట్లో కూర్చున్నాక పిల్లాడు ఒంటరి.

చదువు ఒక పని, సంఘటితం కావడం ఇంకో పని అని మనం విడగొట్టుకున్నాం. బాబ్ మోజెస్ అలా విడగొట్టలేదు. 1960లలో మిసిసిపీలో నల్లజాతి వాళ్ళని ఓటర్లుగా నమోదు చేయించడానికి దెబ్బలు తిన్న నాయకుడాయన. 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. అప్పుడు ఓటు ఎలాగో ఇప్పుడు లెక్కలు అలాగని, పౌరసత్వానికి సంబంధించిన విషయమని ఆయన వాదన. ఉద్యమం వదిలేసి ట్యూషన్ చెప్పుకుంటున్నాడని ఆయన్ని చూసి అనుకునేవాళ్ళు మనలో కూడా ఉంటారు. నాకు మాత్రం అది ఉద్యమం ముందుకెళ్ళడం అనిపిస్తుంది.

ఒక మిత్రుడు ఫోన్‌లో వాదించాడు. “సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ట్రిపుల్ ఇంటిగ్రల్ దేనికి? ఎం-వన్ మనోళ్ళని ఏరేయడానికి పెట్టిన జల్లెడ. తీసేయమని అడగాలి.” జల్లెడలా వాడుతున్నారన్నది నిజం. తీసేయమనడం మాత్రం మనకే నష్టం. ఇవాళ అందరూ ఏఐ అని కలవరిస్తున్నారు. ఆ మోడళ్ళకి శిక్షణిచ్చే పద్ధతికి పునాది గ్రేడియంట్ డిసెంట్. తప్పు ఎటు వేగంగా తగ్గుతుందో వాలు చూసి, ఆ దిక్కున చిన్న అడుగు వేయడం, మళ్ళీ చూడడం, మళ్ళీ వేయడం. నీళ్ళు దిగే లెక్కే, కోట్లకొద్దీ చలరాశులతో. మన పేపర్లోంచి దాన్ని తీసేస్తే వాళ్ళ పిల్లలకి వచ్చే నష్టమేం లేదు. వాళ్ళు ఎక్కడైనా నేర్చుకుంటారు. యంత్రం తయారుచేసేది వాళ్ళు, ఆ యంత్రం చెప్పిన అడ్రస్‌కి పార్సిల్ మోసేది మనం. మా తమ్ముడు టీసీ అడిగింది సరిగ్గా ఆ పనికే కదా.

మేం ఇప్పుడేం చేస్తున్నామో చెప్తా. ప్రతి ఆదివారం పొద్దున్న మా పల్లె కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నాం. మొదటి వారం ముగ్గురు. ఇప్పుడు ఏడుగురు. లెక్కల సార్ వస్తాడు కానీ పాఠం చెప్పడు, లెక్కలిస్తాడు. నాపరాళ్ళ గచ్చు మీద సుద్దముక్కతో చేస్తారు. ఒకరు తప్పు చేస్తే ఇంకొకరు చెరిపేస్తారు. నా పని ప్రశ్న చదివించడం, వాక్యాన్ని విప్పించడం. షరతు ఎక్కడుంది, ఫలితం ఎక్కడుంది, ఏం అడుగుతున్నారు, నీ మాటల్లో చెప్పు. దీనికి కాల్క్యులస్ రానక్కర్లేదని నాకు తెలిసింది. తెలుగు, హిస్టరీ, పొలిటికల్ సైన్స్ చదివిన మనవాళ్ళందరూ ఈ పని చేయొచ్చు.

కాబట్టి అడుగుతున్నాను.

విద్యార్థులకి: ఒంటరిగా కూర్చోకండి. ఒక లెక్కతో గంటకంటే ఎక్కువ కొట్టుకోవాల్సొస్తే ఆ లెక్క పట్టుకుని ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళండి. పాసైన సీనియర్లు మీ నోట్సు కాదు, వారానికి రెండు గంటలు ఇవ్వండి.

సంఘాలకి: ఫ్రెషర్స్ మీటింగ్‌లో దండలు, ఉపన్యాసాలు అయ్యాక ఒక కాగితం తిప్పండి. ఎం-వన్ ఎవరు రాస్తున్నారు, ఎక్కడ కూర్చుందాం, ఎప్పుడు. పరీక్ష ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం హాస్టల్ గదులు తిరగండి. పోస్టర్ అంటించడం ఎంత ముఖ్యమో అదీ అంతే.

ఉద్యోగాల్లో ఉన్న మన ఇంజినీర్లకి: ఏప్రిల్ 14న మీరు పంపే చందాకి దండాలు. దాంతో పాటు ఒక ఆదివారం పంపండి.

పాఠాలు చెప్పే మన తోటివాళ్ళకి: ‘ఇది చాలా ఈజీ’ అనే మాట బోర్డు దగ్గర వాడకండి. ఈజీ అన్నది రాకపోతే, పిల్లాడు ఇక ఎప్పుడూ అడగడు.

మా తమ్ముడి సప్లీ వచ్చే నెల. పాసవుతాడో లేదో నాకు తెలియదు. ఐదోసారీ పోతే ఆరోసారి రాయిస్తాను. వాళ్ళ నాన్నకి టీసీ సంగతి నేనింకా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాకూడదని కోరుకుంటున్నా. ఆ రాత్రి వాడు అర్జీకని తెచ్చిన తెల్లకాగితాలు రెండూ నా టేబుల్ మీదే ఉండేవి. మొన్న ఆదివారం చూస్తే వాటి నిండా లెక్కలున్నాయి. సగం కొట్టేసినవే.

మీ కాలేజీలో, మీ హాస్టల్లో ఇలాంటి గుంపు ఉంటే కింద రాయండి. లేకపోతే ఈ ఆదివారం మొదలుపెట్టి రాయండి.

జై భీమ్.